జబ్బు ఒక్క రాత్రిలో రాదు: పిల్లల మానసిక వ్యాధుల కథలను తెరకెక్కిస్తున్నవారికి బహిరంగ లేఖ

తెలుగు సినిమా, ఓటీటీ, షార్ట్ ఫిల్మ్ దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు,
కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ బోర్డు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి,
ఓటీటీ సంస్థల ఫిర్యాదుల పరిష్కార అధికారులకు

నమస్కారం.

పిల్లల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే డాక్టర్లం, క్లినికల్ సైకాలజిస్టులం, స్కూలు కౌన్సెలర్లం, స్పెషల్ ఎడ్యుకేటర్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మంచి చిన్న కథలు ఏరుకుని తెరకెక్కించేవాళ్లు తెలుగులో కనబడుతున్నందుకు పాఠకులుగా మాకు సంతోషం. అయితే ఆ కథలో మనసు బాగోలేని పిల్లవాడో, పిల్లో ఉంటే మాత్రం, కాగితం మీదున్న బిడ్డ ఒకరు, తెర మీదికొచ్చే బిడ్డ ఇంకొకరు అవుతున్నారు.

ఈ మాట ఇదివరకే విడివిడిగా చెప్పాం. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థ ఫిర్యాదు అందిన 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. మాకు ‘మీ ఫిర్యాదు అందింది’ అన్న ఈమెయిల్ వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. నిర్మాతలకు రాసిన ఉత్తరాలకు అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. ఏ సినిమా పేరూ, ఎవరి పేరూ ఎత్తడం లేదు. తప్పు ఏ ఒక్కరిదో అయితే వారికే చెప్పి ఊరుకునేవాళ్లం. ఇది పరిశ్రమంతటికీ అలవాటైపోయింది.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. తెర మీద పిల్లల మానసిక వ్యాధి ఒక్క రాత్రిలో వస్తుంది, పెద్ద చప్పుడుతో వస్తుంది. ఇళ్లలో అది నెలల తరబడి, చప్పుడు లేకుండా వస్తుంది. సినిమాలో చూసినట్టు లేదు కాబట్టి మా వాడికి ఏమీ లేదనుకుని తల్లిదండ్రులు ఆగిపోతున్నారు. ఆ ఆగిపోయిన నెలలే బిడ్డకు నష్టం.

ఉదాహరణకు, కథగా వచ్చి ఆపై తెరకెక్కిన ఒక పాత రచన గురించి చెబుతాం. తెలుగుది కాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అమెరికన్ రచయిత కాన్రాడ్ ఐకెన్ ‘సైలెంట్ స్నో, సీక్రెట్ స్నో’ అనే కథను 1932లో ప్రచురించారు. 12 ఏళ్ల పాల్ హాస్లెమన్ ఒక పొద్దున పక్క మీద ఉండగానే పోస్ట్‌మ్యాన్ అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి వింటాడు. రోజూ వీధి మలుపు నుంచే వినపడే చప్పుడు ఆ రోజు బాగా దగ్గరికొచ్చాక గానీ వినపడదు, అదీ మెత్తగా. మంచు కురిసిందనుకుంటాడు. కిటికీలోంచి చూస్తే వీధిలో పరిచిన రాళ్లు పొడిగా ఉన్నాయి, ఎండ పడుతోంది. మంచు లేదు. అయినా ఆ పిల్లవాడి చెవుల్లో అది కురుస్తూనే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అడుగుల చప్పుడు ఒక్కో ఇల్లు చొప్పున ఇవతలికి జరుగుతుంది. ఆ రహస్యాన్ని అమ్మకు చెప్పడు, నాన్నకు చెప్పడు.

క్లాసులో భౌగోళిక శాస్త్రం పాఠం జరుగుతుంటుంది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి మెడ మీద పుట్టుమచ్చలు సప్తర్షి మండలంలా ఉన్నాయని చూస్తూ ఉంటాడు. టీచర్ హఠాత్తుగా ప్రశ్న అడిగితే సరైన జవాబే చెబుతాడు. కథ మొత్తంలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన చోటు ఇదే. లోపల అంత జరుగుతున్నా జవాబు చెప్పగలుగుతున్నాడు కాబట్టి టీచర్‌కు అనుమానం రాదు. మన స్కూళ్లలో సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

ఇంటికి డాక్టర్ వస్తాడు. చిన్న టార్చితో కళ్లు చూస్తాడు, పుస్తకం చదివిస్తాడు, తల్లిదండ్రుల ముందే నిలబెట్టి ఏం ఆలోచిస్తున్నావని అడుగుతాడు. పిల్లవాడు ఇంకా లోపలికి ముడుచుకుపోతాడు. చివరికి గదిలోకి వచ్చిన తల్లిని ద్వేషిస్తున్నానని, వెళ్లిపొమ్మని అరుస్తాడు. ఆ మంచులోకి పూర్తిగా వెళ్లిపోతాడు. కథ అక్కడితో ముగుస్తుంది. జబ్బు పేరు రచయిత ఎక్కడా చెప్పలేదు. స్కిజోఫ్రీనియా (లేనివి వినపడే, కనపడే తీవ్రమైన మానసిక జబ్బు) అన్నవారున్నారు, ఆటిజం అన్నవారున్నారు, అది రోగం కాదు కవి ఊహ అన్నవారూ ఉన్నారు. ఆటిజాన్ని పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ విడిగా వర్ణించింది 1943లో, అంటే కథ వచ్చిన 11 ఏళ్లకు. కాబట్టి ఇవాళ్టి పేర్లను ఆ కథకు తగిలించడం తొందరపాటే అవుతుంది.

ఈ కథను జీన్ కియర్నీ 1966లో నలుపు తెలుపు షార్ట్ ఫిల్మ్‌గా తీశారు. 1971లో ఆయనే ‘నైట్ గ్యాలరీ’ టీవీ సీరీస్ కోసం మళ్లీ తీశారు, దానికి నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్లెస్ గొంతు ఇచ్చారు. ఆ సీరీస్ భయం కలిగించే వింత కథల సంకలనం. అంటే ఒక బిడ్డ మనసు జారిపోవడం గురించిన కథ వెళ్లి దయ్యాల కథల సరసన కూర్చుంది. కాగితం మీద పిల్లవాడి చెవుల్లో మాత్రమే ఉన్న మంచుకు తెర మీద ఒక పెద్దాయన గంభీరమైన, ఆకర్షణీయమైన గొంతు తోడైంది. ఎంతో శ్రద్ధగా చేసిన అనుసరణలోనే ఇంత మార్పు వచ్చింది. మనదగ్గర శ్రద్ధ లేకుండా చేసేవాటిలో ఇంకెంత మారుతుందో మీరే ఊహించండి.

ఇక మామూలు జనం మీద దీని ప్రభావం.

1. గుర్తుపట్టడం ఆలస్యమవుతోంది.

స్కిజోఫ్రీనియా 13 ఏళ్లలోపు పిల్లల్లో చాలా అరుదు. ఆ తర్వాతి వయసులో మెల్లగా పెరుగుతుంది. వచ్చినా ఎక్కువమందిలో నెమ్మదిగానే వస్తుంది. ముందు స్నేహితులు తగ్గుతారు. నోట్సు సగంలో ఆగిపోతుంది. స్నానం చేయమంటే విసుక్కుంటాడు. కిటికీ తలుపులు మూసేస్తాడు. ఫ్యాన్ చప్పుడులో తన పేరు వినపడుతోందని అనుకుంటాడు గానీ ఎవరికీ చెప్పడు. ఇంట్లోవాళ్లు ‘ఫోన్ ఎక్కువైంది’, ‘ఈడు అలాంటిది’ అని సర్దుకుంటారు.

మేం ఎక్కువగా చూసేది అసలు ఈ జబ్బును కాదు. డిప్రెషన్, ఆందోళన, ఓసీడీ (వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం), నేర్చుకోవడంలో ఇబ్బందులు, ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం). డిప్రెషన్ ఉన్న పిల్లవాడు ఏడుస్తూ మూల కూర్చోవాలని లేదు. చిరాకు పడతాడు, చెల్లెలి మీద చెయ్యి చేసుకుంటాడు. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటాడు, సెలవు రోజు ఉండదు. స్కానింగ్‌లో ఏమీ కనపడదు. ఓసీడీ ఉన్న పిల్ల హోంవర్కు లైను రాస్తుంది, అక్షరం గుండ్రంగా రాలేదని చెరుపుతుంది, మళ్లీ రాస్తుంది, మళ్లీ చెరుపుతుంది. రబ్బరు రాపిడికి కాగితం పలచబడి చివరికి చిల్లు పడుతుంది. పుస్తకం వెలుగుకు పెట్టి చూస్తే ఆ చిల్లు అవతల వేళ్లు కనపడతాయి. ‘మా అమ్మాయికి నీట్‌నెస్ ఎక్కువ’ అని తల్లి అప్పటిదాకా మురిసిపోతూ ఉంటుంది. దర్శకులకు మా మనవి, కళ్లు తేలేసే క్లోజప్ కన్నా ఈ కాగితం షాట్ నిజం. అది చూసిన తల్లి ఇంటికెళ్లి బ్యాగు తీసి నోట్సు తిరగేస్తుంది.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్క తేల్చింది. 40 మంది ఉన్న క్లాసులో దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురూ తెర మీద చూసే పిల్లల్లా ఉండరు.

2. నిజంగా ఒక్క రాత్రిలో మారిపోయిన బిడ్డను తీసుకెళ్లకూడని చోటికి తీసుకెళ్తున్నారు.

నిన్నటిదాకా బాగున్న బిడ్డ ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడుతూ, మనుషులను గుర్తుపట్టకుండా, జ్వరంతోనో ఫిట్స్‌తోనో ఉంటే అది మెదడు ఇన్ఫెక్షన్ కావచ్చు. శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఎన్‌సెఫలైటిస్ కావచ్చు. అలాంటప్పుడు ముందు చేరాల్సింది ఎమర్జెన్సీకి, ఆపైన న్యూరాలజీకి. గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి అది. సరిగ్గా ఈ లక్షణాలకే మన సినిమాల్లో భూతవైద్యుడు వస్తాడు, ముగ్గు పడుతుంది, నిమ్మకాయలు కోస్తారు.

చిన్నది ఇంకొకటి ఉంది. క్లాసులో మధ్యమధ్య కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకక, వెంటనే ఏమీ ఎరగనట్టు పాఠంలో పడే బిడ్డకు ఆబ్సెన్స్ సీజర్స్ అనే ఒక రకం మూర్ఛ ఉండొచ్చు. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష తీస్తే తెలుస్తుంది, మందులకు బాగా లొంగుతుంది. దాన్ని తెర మీద ‘ఆత్మ పిలుస్తోంది’ అని చూపిస్తే, స్కూల్లో ఆ బిడ్డ పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారుతుంది.

3. దయ్యం పట్టిందన్న నమ్మకానికి మీరు కొత్త ఊపిరి పోస్తున్నారు.

పరీక్షల ముందు ఆడపిల్లలు ఊగిపోవడం, గొంతు మారి మాట్లాడటం, కాళ్లు పడిపోయినట్టు కావడం మనదగ్గర కొత్త కాదు. దీన్ని డిసోసియేటివ్ డిజార్డర్ అంటాం. నటన కాదు, దయ్యమూ కాదు. నోటితో చెప్పుకోలేని భారం ఒంటి మీద కనపడటం. ఇలాంటి బిడ్డ చుట్టూ జనం ఎంత మూగితే లక్షణం అంత గట్టిపడుతుంది. గుంపును పంపేసి, ఒక్కరు దగ్గర కూర్చుని, ఇంట్లోనో స్కూల్లోనో ఏం జరుగుతోందో తర్వాత నెమ్మదిగా అడగాలి. ఆ అడిగినప్పుడే చాలాసార్లు ఎవరో తాకరానిచోట తాకిన సంగతి బయటపడుతుంది. దయ్యాన్ని వదిలించే సీనుతో కథ ముగిస్తే ఆ మనిషి తప్పించుకున్నట్టే.

దర్గాలో నయమవుతుందన్న నమ్మకంతో మానసిక రోగులను తీసుకొచ్చే ఊరు తమిళనాడులోని ఎర్వాడి. 2001 ఆగస్టు 6న అక్కడ మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది పారిపోలేక కాలిపోయారు. నయమవుతుందని ఇంటివాళ్లే అక్కడ వదిలిపెట్టిన మనుషులు వాళ్లు. గొలుసులు వేయడం ఇవాళ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. గొలుసుల సీను పెట్టేటప్పుడు అది నేరమన్న మాట కథలో ఎవరో ఒకరి నోట రావాలి.

4. అంతటికీ ఒకే ఒక్క కారణం చూపించే ఫ్లాష్‌బ్యాక్.

తండ్రి తాగి తల్లిని కొడతాడు, పిల్లవాడు మంచం కింద నుంచి చూస్తాడు, పెద్దయ్యాక హంతకుడవుతాడు. ఈ సీను ఎన్నిసార్లు వచ్చిందో మీకే బాగా తెలుసు. హింస చూసిన పిల్లల్లో మానసిక సమస్యలు ఎక్కువన్నది నిజమే. కానీ వాళ్లలో అత్యధికులు ఎవరినీ చంపరు. చాలామంది నిద్రపట్టక, చదువు సాగక, తమలో తామే నలిగిపోతారు.

ఇక్కడ ఐకెన్ జీవితం గుర్తు చేసుకోవాలి. ఆయనకు 11 ఏళ్లప్పుడు, 1901లో, తండ్రి తల్లిని కాల్చి తనూ కాల్చుకున్నాడు. అంత దారుణం సొంతంగా చూసిన మనిషి, పాల్ కథలో ఆ ఛాయ కూడా రానివ్వలేదు. పాల్ ఇల్లు మామూలు ఇల్లు. తల్లికి ప్రేమ ఉంది, తండ్రికి ఓపిక తక్కువ, అంతే. జబ్బుకు కారకుడైన విలన్ లేడు. రచయితగా ఆయన చేసిన అతి కష్టమైన పని అదేనని మా అభిప్రాయం. ప్రతి జబ్బు వెనకా ఒక దోషి ఉండాలని సినిమా నేర్పితే, మా ముందు కూర్చున్న తల్లి మొదట అడిగే ప్రశ్న ‘నా వల్లే వచ్చిందా’ అనే. దానికి జవాబు చెప్పేసరికి మొదటి రెండు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. వంశంలో ఉండటం, కాన్పు సమయంలో ఇబ్బందులు, మెదడు ఎదిగే తీరు, ఇంటి, బడి వాతావరణం, ఇలాంటివి కొన్ని కలిసి జబ్బుకు దారితీస్తాయి.

5. ఆస్పత్రి అంటే భయం.

కటకటాల గది, జుట్టు పట్టి ఈడ్చే ఆయా, మత్తు లేకుండా కరెంటు షాక్, మెలికలు తిరిగే పిల్ల. 2017 చట్టం 95వ సెక్షన్ మత్తు, కండరాల సడలింపు మందులు లేకుండా ఈసీటీ (కరెంటు షాక్ వైద్యం) ఇవ్వడాన్ని ఎవరికైనా సరే నిషేధించింది. 18 ఏళ్లలోపువారికి ఈసీటీయే నిషిద్ధం. తప్పనిసరని సైకియాట్రిస్ట్ భావిస్తే సంరక్షకుల సమ్మతి తీసుకుని, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతితో మాత్రమే చేయాలి. 87వ సెక్షన్ ప్రకారం పిల్లలను చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. పెద్దల వార్డులో ఉంచకూడదు. తల్లో, తండ్రో, వారి తరఫు మనిషో ఆస్పత్రిలో బిడ్డతోనే ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లో బోర్డుకు తెలపాలి. అసలు మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి చేరాల్సిన అవసరమే రాదు, ఓపీలోనే చూసి పంపిస్తాం. ఇవేవీ తెలియని తల్లిదండ్రులు గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారు, బిడ్డను గుంజుకుంటారేమోనని.

6. మందుల గురించి రెండు అబద్ధాలు.

ఒకటి, ఒక్క ఇంజెక్షన్‌తో మర్నాడు పొద్దునకల్లా నయం. రెండు, మాత్రలు వేసుకుంటే జీవితాంతం మొద్దుబారిపోయి కూర్చోవడం. డిప్రెషన్ మందులు పనిచేయడం కనపడాలంటే 2 నుంచి 6 వారాలు పడుతుంది. ఓసీడీకి 8 నుంచి 12 వారాలు ఆగాలి, దానితోపాటు భయపడే పనిని మెట్టుమెట్టుగా ఎదుర్కొనే బిహేవియర్ థెరపీ చేయించాలి. మొదటి అబద్ధం నమ్మినవాళ్లు పది రోజుల్లో విసిగి మానేస్తారు. రెండోది నమ్మినవాళ్లు మొదలే పెట్టరు. ఇంకొందరు బిడ్డ కాస్త తేరుకోగానే, చుట్టాలకు తెలుస్తుందని డాక్టర్‌కు చెప్పకుండా ఆపేస్తారు. నెలలు తిరక్కుండా జబ్బు మళ్లీ వస్తుంది. మందు పనిచేయలేదని అప్పుడు మందునే తిట్టుకుంటారు. మత్తు, బరువు పెరగడం లాంటి ఇబ్బందులు కొన్ని మందులతో ఉంటాయి. దాచనక్కర్లేదు. డాక్టర్ మోతాదు మార్చడం, బరువు, షుగర్ చూడటం కూడా కథలో ఒక్క డైలాగ్‌లో చెప్పొచ్చు.

7. మాటలు.

‘సైకో’, ‘మెంటల్’, ‘ఎర్రగడ్డకు పంపండి’, ‘వైజాగ్ పిచ్చాసుపత్రి కేసు’. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, పేదవాడికి ఖర్చు లేకుండా వైద్యం దొరికే చోట్లు. ఆ పేర్లు తిట్లుగా మారడం వల్ల బస్సులో ఆ స్టాపు పేరు చెప్పి టికెట్ అడగడానికి కూడా వెనకాడేవాళ్లున్నారు.

ఇప్పుడు మా విన్నపాలు. కొన్ని మీరు రేపటి నుంచే చేయగలిగినవి.

1. స్క్రిప్టును మూడుసార్లు చూపించండి. కథ ఖాయం చేసేటప్పుడు ఒకసారి, షూటింగుకు ముందు పూర్తి డైలాగులతో ఒకసారి, ఎడిటింగ్ ముగిసి డబ్బింగ్ మొదలయ్యే ముందు ఒకసారి. షూటింగంతా అయ్యాక పిలిస్తే అప్పటికి మార్చగలిగేవి డబ్బింగ్ మాటలే, అందుకే అంతకుముందు రెండుసార్లు అడుగుతున్నాం. చదివేవారిలో పిల్లల సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో ఒకరు, ఆ జబ్బుతో బతికిన మనిషో వారి కుటుంబమో ఒకరు ఉండాలి. వైకల్యాల చిత్రణ మీద సుప్రీంకోర్టు 2024 జులై 8న ఇచ్చిన తీర్పు కూడా ఇదే చెప్పింది: జబ్బును వీలైనంత సరిగ్గా చూపాలి, ఆ జీవితం గడిపేవారిని అడిగి చూపాలి.

2. పిల్లవాడు వినేది, చూసేది తెర మీద ఎలా పెట్టాలన్న దాని మీద శ్రమ పెట్టండి. పాల్ కథే తీసుకుందాం. తెల్లటి మంచు కురిపించడం, హారర్ వయొలిన్లు వేయడం సులువు. అలా చేస్తే ప్రేక్షకుడు బయట నిలబడి భయపడతాడు. గదిలో గడియారం, వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పటిలాగే ఉంచి, అడుగుల చప్పుడులో మాత్రం హై ఫ్రీక్వెన్సీలు సీను సీనుకూ తగ్గించుకుంటూ రండి. కిటికీ బయట రాళ్లు పొడిగానే ఉండాలి. అప్పుడు ప్రేక్షకుడు తన చెవిని తానే అనుమానిస్తాడు, పిల్లవాడి పక్కన కూర్చుంటాడు. అలాగే, లేని గొంతులు వినిపించే జబ్బులో ఆ గొంతు తరచూ పక్కగదిలో ఎవరో మామూలుగా మాట్లాడినట్టే ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తుంది, చేసే పనిని వెక్కిరిస్తుంది. రివర్బ్ (ప్రతిధ్వని) దట్టించిన రాక్షస గొంతు వేయకండి. అది విన్న ప్రేక్షకుడు తన కొడుక్కి వినపడేది అలా లేదు కాబట్టి జబ్బు కాదనుకుంటాడు.

3. డాక్టర్ సీను రాసేటప్పుడు 1932 నాటి ఆ డాక్టర్‌ను వదిలేయండి. ఇవాళ పరీక్ష ఒక్క పూటలో అయ్యేది కాదు. ముందు తల్లిదండ్రులతో, తర్వాత బిడ్డతో ఒంటరిగా, చిన్నపిల్లలైతే బొమ్మలతో, కాగితం రంగులతో. టీచర్ రాసిన నోట్ అడుగుతాం. వినికిడి, చూపు, థైరాయిడ్, రక్తహీనత చూపిస్తాం. చెవిలో నీరు చేరినా శబ్దాలు మెత్తగానే వినపడతాయి మరి. జబ్బు పేరు మొదటి రోజే చెప్పం.

4. కథ ముగింపు మీ ఇష్టం, దాన్ని మార్చమని అడగం. పాల్ కథ ఎలా ముగిసిందో అలా ముగించే హక్కు మీకుంది. కానీ జబ్బులోకి జారిపోవడాన్ని అందమైన విముక్తిగా చూపి తెర దించితే, ఇంట్లో ఒంటరిగా ఫోన్‌లో చూసే 14 ఏళ్ల బిడ్డకు చేరేది ఆ అందమే. సాయం అందే దారి ఉందని కథలో ఎక్కడో ఒకచోట తెలియాలి. ఆత్మహత్య ప్రయత్నం ఉంటే పద్ధతిని, వస్తువును చూపకండి. దీని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావారి కోసమే మార్గదర్శకాలు ఇచ్చింది.

5. హెల్ప్‌లైన్ కార్డు పెట్టే చోటు మార్చండి. ఇప్పుడు అది పేర్లన్నీ పడ్డాక వస్తోంది. థియేటర్‌లో అప్పటికి జనం మెట్లు దిగుతుంటారు. ఓటీటీలో ‘తర్వాతి ఎపిసోడ్’ బటన్ మొదలై కార్డు రాకముందే కోసేస్తోంది. చివరి సీను అయిన వెంటనే, పేర్లకు ముందు, కనీసం 8 సెకన్లు, పెద్ద అక్షరాల్లో, గొంతుతో కూడా వినిపించండి. టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల మీద దౌర్జన్యమైతే 1098.

6. ట్రైలర్, పోస్టర్, థంబ్‌నెయిల్ కూడా స్క్రిప్టు చదివినవారికి చూపించండి. సినిమాలో మర్యాదగా తీసిన బిడ్డ ముఖాన్ని మార్కెటింగ్ టీమ్ కళ్లు ఎర్రగా చేసి, నోటి దగ్గర రక్తం పెట్టి బయటికి వదిలిన సందర్భాలున్నాయి. సినిమా చూడని లక్షల మంది చూసేది ఆ ఒక్క బొమ్మే.

7. నటించే బిడ్డ గురించి. బాల కార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. పారితోషికంలో కనీసం 20 శాతం బిడ్డ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. దీనికి మేం కలిపేది ఒక్కటి: కేకలు, కట్టేయడం, కొట్టడం ఉన్న సీన్లను ముక్కలుగా తీయండి. ‘నిజమైన ఏడుపు’ కోసం బిడ్డకు చెప్పకుండా భయపెట్టకండి. సీను అయ్యాక పాత్ర బట్టలు మార్పించి, కొట్టిన నటుడితోనే కాసేపు ఆడించండి. ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో మర్నాడు తల్లిని అడగండి. వైద్యం పొందుతున్న పిల్లలను సహజత్వం పేరుతో ఆస్పత్రుల్లో చిత్రీకరించడానికి మాత్రం అసలు అడగవద్దు.

8. ధ్రువీకరణ బోర్డుకు. మానసిక వైకల్యం ఉన్నవారిని అనవసరంగా హేళన చేసే దృశ్యాలు, పిల్లలను హింసకు గురిచేసే దృశ్యాలు ఉండకూడదని 1991 మార్గదర్శకాల్లో ఉన్నదే. దాన్ని అమలు చేయండి. సలహా సంఘంలో పిల్లల మానసిక వైద్య నిపుణులకు చోటివ్వండి. యూఏ ఇప్పుడు 7, 13, 16 ఏళ్లుగా విడిపోయింది కాబట్టి, మానసిక వ్యాధి ఉన్న బిడ్డను కట్టేసే, కొట్టే దృశ్యాలున్న సినిమాను 7 ఏళ్ల వర్గంలో వేయకండి.

9. ఓటీటీ సంస్థలకు. ఫిర్యాదుకు 15 రోజుల్లో కారణాలతో జవాబు. ‘భయానక దృశ్యాలు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, పిల్లల మానసిక వ్యాధి, ఆత్మహత్య, బంధించడం ఉంటే ఆ మాటే హెచ్చరికలో తెలుగులో రాయండి.

ఈ 9 విన్నపాల మీద మూడు నెలల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని దర్శకుల, రచయితల, నిర్మాతల సంఘాలను, బోర్డు ప్రాంతీయ కార్యాలయాన్ని కోరుతున్నాం. కుదరనిది ఏదైనా ఉంటే ఎందుకు కుదరదో చెప్పండి, కూర్చుని మాట్లాడదాం.

స్క్రిప్టు పంపితే 10 రోజుల్లో చదివి ఇస్తాం. ఫీజు అడగం, టైటిల్స్‌లో పేరు అడగం, కథ బయట పెట్టం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడికి రమ్మన్నా ఎవరో ఒకరం వస్తాం. రచయితకు ఓపీలో కూర్చుని చూడాలని ఉంటే, కుటుంబాలు ఒప్పుకున్న రోజున, కెమెరా లేకుండా, నోట్‌బుక్‌తో రావచ్చు.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల్లో పిల్లల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న డాక్టర్లు, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు